గీత చదునైన ఇల్లు

మనుషులుండే ఇంటి గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. తెల్లవారగానే నీళ్ళ హీటరు వేస్తారు, గీత లేస్తుంది. పనులకు వెళ్ళిపోతారు, పడుతుంది. సాయంత్రం దీపాలు, పొయ్యి, టీవీ, మళ్ళీ లేస్తుంది. పడుకుంటారు, నేలకు దిగుతుంది. కరెంటు మీటరు పావుగంటకోసారి పంపే అంకెల్ని కలిపి కంప్యూటరు ఇలా గీతగా చూపిస్తుంది. క్రిప్టో మైనింగ్ చేసే ఇంటి గీత అలా ఉండదు. ఆ యంత్రాలు నిద్రపోవు, స్నానం చెయ్యవు, ఊరెళ్ళవు. కంప్యూటర్ నాణేల కోసం పగలూ రాత్రీ లెక్కలు కడుతూనే ఉంటాయి. అందుకని ఆ ఇంటి గీత ఎత్తుగా, చదునుగా, బల్ల అంచులా సాగిపోతుంది.

విద్యుత్ నియంత్రణ కార్యాలయం మూడో అంతస్తులో కూర్చుని అలాంటి చదును గీతల్ని వెతకడం అతని ఉద్యోగం. ఆఫీసులో అతన్ని గీతల సార్ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. ఎదురుగా అన్నా అతనికి కోపం రాదని తెలిశాక దాచడం మానేశారు.

ఒక ఎండాకాలం వీధులకు వీధులు చీకట్లో మగ్గి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాక ప్రభుత్వం మైనింగ్ మీద నిబంధనలు తెచ్చింది. ఇళ్ళలో, కొట్లలో యంత్రాలు నడపకూడదు. నడపాలనుకుంటే ఊరి బయట లైసెన్సున్న షెడ్డులో, వేరే లైను మీద, ఆపమన్నప్పుడు ఆపే షరతుతో నడుపుకోవాలి. తమంతట తాము వచ్చి చెప్పుకున్నవాళ్ళ యంత్రాల్ని షెడ్డుకు మార్పించి వదిలేస్తారు. దొరికిపోయినవాళ్ళకు యంత్రాలూ పోతాయి, ఆరు నెలలు ఇంటికి కరెంటూ పోతుంది. నెలంతా గీత కిందికి దిగకపోతే కంప్యూటరు ఆ ఇంటి మీద ఎర్ర చుక్క పెడుతుంది. చుక్క పడ్డాక వచ్చి చెప్పుకున్నా వినరు.

అతనికి నెల అక్కర్లేదు. రెండు మూడు రోజులు చూస్తే తెలిసిపోయేది.

రోజూ పొద్దున్న సీట్లో కూర్చోగానే, పని మొదలుపెట్టకముందు, అతను ఒక ఇంటి గీత తెరిచేవాడు. అది పనిలో భాగం కాదు. ఆ ఇంట్లో అతను ఎనిమిదేళ్ళు కాపురం చేశాడు. విడిపోయాక ఇల్లు ఆమెకు వచ్చింది. అతను నది అవతల ఒంటిగది వాటాకు మారాడు. ఆమె కింద గదిలో రొట్టెలు చేసి చుట్టుపక్కల కొట్లకు వేస్తుంది. తెల్లవారుజామున ఓవెన్ వేసినప్పుడు ఆమె గీత ఒక్కసారిగా గోడలా లేచేది. దానికి కాస్త ముందు చిన్న గుట్ట, ఆమె స్నానం. గోడ దిగాక ఇంకా చిన్న మెట్టు, టీ కోసం నీళ్ళు కాచుకోవడం. ఆ మెట్టు కనబడేదాకా చూసి మూసేసేవాడు.

ఆమె మీద నిఘా పెట్టానని అతనికెప్పుడూ అనిపించలేదు. నిఘా అంటే ఏదో కావాలని చూడడం. అతనికి ఏమీ అక్కర్లేదు. జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి తీసేసినట్టు, అంతే. అయితే ఆఫీసు లేని రోజుల్లో మాత్రం ఒంట్లో ఏదో తన చోట తాను సర్దుకుని కూర్చోనట్టుండేది. పుస్తకం తీసేవాడు, పెట్టేసేవాడు.

ఒకసారి కొన్నాళ్ళపాటు ఆ గోడ లేవలేదు. ఆమెకు జబ్బు చేసిందనుకున్నాడు. బత్తాయిలు కొన్నాడు. తీసుకెళ్ళే ధైర్యం చాలక బస్టాపులో కూర్చుని ఒక్కొక్కటే ఒలుచుకుని తానే తిన్నాడు. తర్వాత ఒక పొద్దున్న గోడ లేచి కనబడింది. ఆ రోజు కాంటీన్లో అందరికీ టీ ఇప్పించాడు. ఏమిటి విశేషమని అడిగితే, "ఊరికే" అన్నాడు.

ఇంకోసారి, కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి తన తెర అతని వైపు తిప్పింది.

"సార్, ఇది చూడండి. చదునుగా ఉంది."

"చదును సరే, ఎత్తేదమ్మా?"

"ఎత్తు లేదు సార్, నేల మీదే పాకుతోంది. తాళం వేసిన ఇల్లనుకుంటా. ఫ్రిజ్ ఒక్కటీ ఆపడం మర్చిపోయి వెళ్ళారు పాపం."

అతను మీటరు నంబరు చూశాడు. అది అతని వాటాది.

"అవును, ఎవరూ లేనట్టున్నారు," అని తెర మళ్ళీ ఆమె వైపు తిప్పాడు.

చలి మొదలైన రోజుల్లో ఆమె గీతలో తేడా వచ్చింది. పొద్దెక్కాక నీళ్ళ హీటరు రెండోసారి లేస్తోంది. ఆ రెండో గుట్ట ఆమె గుట్టకన్నా వెడల్పు. ఆలస్యంగా లేచే మనిషి, చాలాసేపు స్నానం చేసే మనిషి. ఇంకెవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. ఆమె ఇంటికి ఒక మగవాడు వచ్చాడు.

మంచిదే, అనుకున్నాడు. పక్కన ఎవరో వింటున్నట్టు మనసులోనే కొంచెం గట్టిగా అనుకున్నాడు. సాయంత్రానికి ఆ మనిషికి భుజాలు వచ్చాయి. మర్నాటికి భుజం మీద నీలం తువ్వాలు వచ్చింది. వారం తిరిగేసరికి స్నానాలగదిలో పాడే గొంతు కూడా వచ్చింది. ఇవన్నీ తానే తయారు చేస్తున్నానని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ గొంతు ఆగలేదు.

కొన్నాళ్ళకు గీత మొత్తంగా పైకి లేచి నిలబడింది. స్నానాల గుట్టలూ, ఓవెన్ గోడా అలాగే ఉన్నాయి గానీ వాటి కింద నేల లేదు. ఎవరో ఒక ఎత్తయిన బల్ల తెచ్చి, ఆ ఇంటి బతుకంతా దాని మీద పెట్టినట్టుంది. రెండు యంత్రాలు. నడిజాము దాటినా దిగడం లేదు.

నెల తిరిగేలోగా చెప్పాలి. లేకపోతే కరెంటు తీసేస్తారు, ఓవెన్ ఆగిపోతుంది, ఆమె పనే ఆగిపోతుంది. ఇది అతనికి మొదటి రోజే తెలుసు. అయినా ఆ రోజు ఊరుకున్నాడు, మర్నాడూ ఊరుకున్నాడు. ఆ తువ్వాలు మనిషి పెట్టుంటాడు, దొరకనీ, ఎలాంటివాణ్ణి తెచ్చుకుందో తెలుస్తుంది, అని ఒక ఆలోచన. చెప్పాలంటే ఎలా తెలిసిందో కూడా చెప్పాలి కదా, అని ఇంకొకటి. ఈ రెండింటిలో అసలు కారణం ఏదో అతను తేల్చుకోలేకపోయాడు. ఒకదాన్ని నిలదీస్తే అది రెండోదాని వైపు వేలు చూపించేది.

అంతలో ఓవెన్ గోడ జరిగింది. తెల్లవారుజామున లేచేది, పొద్దెక్కాక లేవడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళ కాపురంలో మారని వేళ అది. ఆ మనిషి కోసం మార్చుకుందన్నమాట. యంత్రాల బల్ల కన్నా ఆ జరగడమే అతన్ని ఎక్కువ కోసింది. ఎర్ర చుక్క పడడానికి ఇంక వారం కూడా లేని ఒక సెలవు రోజున, మధ్యాహ్నం, అతను బస్సెక్కి నది దాటాడు.

వీధి మారలేదు. తలుపు రంగు మారింది. గంట నొక్కేముందు వినబడింది, పై గదిలోంచి తేనెపట్టు పక్కన నిలబడినట్టు ఆగని రొద. వీధిలోకే వినబడుతోంది, పక్కవాళ్ళు ఎలా ఊరుకున్నారో.

తలుపు తీసినవాడి భుజం మీద నిజంగానే తువ్వాలు ఉంది. నెత్తి మీద ఉన్ని టోపీ. గడ్డం గీసుకుని ఎన్నాళ్ళయిందో.

"ఓరి నాయనో! బావా!"

ఆమె తమ్ముడు. చివరిసారి చూసినప్పుడు కాస్త సన్నగా ఉండేవాడు.

"అక్కా, బావొచ్చాడు!"

"ఏ బావ?" లోపల్నుంచి ఆమె గొంతు.

"మనకెంతమంది ఉన్నారే బావలు! ఉన్న ఒక్కడే వచ్చాడు."

నీలం తువ్వాలూ, భుజాలూ, పాడే గొంతూ, ఇన్నాళ్ళూ అతను పెంచి పోషించిన మనిషి గుమ్మంలోనే కరిగిపోయాడు. తేలిగ్గా అనిపించింది. ఆ వెంటనే ఆ తేలికదనానికి సిగ్గేసింది.

కింద గది వెచ్చగా ఉంది. గోడ పొడవునా రొట్టెల రేకులు, బల్ల మీద తడిగుడ్డ కప్పిన పిండి. ఆమె మోచేతుల దాకా పిండి. జుట్టు కత్తిరించుకుంది. పైకప్పులో కొత్తగా కన్నం చేసి వెండిరంగు గొట్టం ఒకటి దింపారు. దాని మూతి సరిగ్గా పిండి బల్ల మీదికి ఉంది. బావమరిది గబగబా వెళ్ళి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"కూర్చోండి," అందామె.

"పై గదిలో రెండున్నాయి కదా," అన్నాడతను నిలబడే.

"ఏమిటి బావా రెండు? పిల్లులా?" అన్నాడు బావమరిది.

"వీపు కాలుతుంది, ఇవతలికి రా," అన్నాడతను.

"ముందు నువ్వొక మాట చెప్పు. సోదాకొచ్చావా, చుట్టరికానికొచ్చావా? సోదా అయితే టీ లేదు. చుట్టరికం అయితే పాలు లేవు."

"ఊరుకోరా," అంది ఆమె. తర్వాత అతనితో, "నేనే పెట్టుకోమన్నాను. వీడి ఉద్యోగం పోయింది. దాచుకున్నదంతా పెట్టి అవి కొన్నాడు. గదిలో కూర్చుని వాటినే చూస్తుంటే పిచ్చెక్కుతుందని ఇక్కడికి రమ్మన్నాను."

అతను నిబంధన చెప్పాడు. రేపే ఆఫీసుకు వచ్చి తమంతట తాము చెప్పుకోవాలన్నాడు. ఇంకా చుక్క పడలేదు, పడితే ఇంటికి కరెంటుండదు, ఓవెన్ ఉండదు. యంత్రాలు షెడ్డుకు పోతాయి, అంతకు మించి ఏమీ కాదు.

"షెడ్డులో పెడితే ఏం మిగుల్తుంది బావా? వాళ్ళు ఆపమన్నప్పుడల్లా ఆపాలట. యంత్రానికి కూడా ఆఫీసు టైమా!"

"నా ఓవెన్ పోతే నువ్వు తిండి ఎక్కడ తింటావు?" అంది ఆమె. "రేపు వెళ్తున్నావు. అంతే." గొట్టం వైపు చూసింది. "అలవాటైపోయింది, అదొక్కటే. చలికాలం పిండి పొంగాలంటే అర్ధరాత్రి కలిపి పెట్టుకోవాల్సొచ్చేది. ఈ యంత్రాల వేడిగాలికి గంటలో పొంగుతోంది, తెల్లారాక కలిపినా చాలుతోంది. పైన ఆ చప్పుడుకు ఇంట్లో ఎవరో ఉన్నట్టు కూడా ఉంటోంది. వీడున్నా లేనట్టే కదా, మిట్టమధ్యాహ్నం దాకా పడకే."

"అందుకేనా ఓవెన్ ఆలస్యంగా వేస్తున్నావు? నేను ఇంకేదో అనుకున్నాను," అన్నాడతను.

అన్నాక గాని తానేమన్నాడో అతనికే వినబడలేదు.

ఆమె చేతులు పిండి మీద ఆగిపోయాయి. బావమరిది ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొదటిసారి వాడికి ఏ వేళాకోళమూ తట్టలేదు.

"నువ్వు పైకెళ్ళి వాటిని ఆపు," అంది ఆమె తమ్ముడితో.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

మెట్లమీద అడుగులు వినబడ్డాయి. రొదలో సగం తెగిపోయింది. కాసేపటికి మిగతా సగమూ తెగిపోయింది. గొట్టంలోంచి గాలి సన్నబడి ఆగింది. ఆ ఇంటి నిశ్శబ్దం అతనికి పాత పరిచయమే.

"ఎప్పటినుంచి?" అంది ఆమె.

"ఇక్కణ్ణుంచి వెళ్ళినప్పటినుంచి."

"రోజూనా?"

"సెలవులు తప్ప."

ఆమె నవ్వబోయి ఆగింది. "నాకు జబ్బు చేసినప్పుడు?"

"తెలిసింది. బత్తాయిలు కొన్నాను."

"మరి?"

"తినేశాను."

ఆమె చేతుల పిండి నలిపి రాల్చింది. "వీడొచ్చినప్పుడు? వీడు వచ్చి రెండు నెలలవుతోంది. ఎవరనుకున్నారు?"

అతను గొట్టం వైపు చూశాడు.

"ఎవరో అనుకునే కదా ఇన్నాళ్ళు ఊరుకున్నారు? ఇంకో వారం ఊరుకుంటే నా పొయ్యి ఆరిపోయేది. అది తెలిసే ఊరుకున్నారు."

"అందుకే వచ్చాను."

"వచ్చారు, కాదనను." గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా మాట్లాడుతోంది. "మీ పక్కలోంచే లేచి వచ్చేదాన్ని నేను, రోజూ. పిండి కలిపి, ఓవెన్ వేసి, మీ డబ్బా సర్ది పెట్టేదాన్ని. అప్పుడు ఒక్కసారైనా తెలిసిందా మీకు, నేను లేచానని?"

అతను గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించాడు. దుప్పటి కదలిక, చల్లబడిన తలగడ, తలుపు కింద వెలుతురు. ఏదో ఒకటి ఉండి తీరాలి. ఏదీ రాలేదు. ఆ ఎనిమిదేళ్ళలో అతని దగ్గర ఒక్క తెల్లవారుజాము కూడా లేదు. విడిపోయాక వచ్చినవన్నీ పావుగంట లెక్కన ఉన్నాయి.

"లేదు," అన్నాడు.

"నేనొక్కదాన్నే ఉన్నాను ఇక్కడ, అనుకునేదాన్ని. లేచినా, లేవకపోయినా అడిగేవాళ్ళు లేరు అని ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత అదే బాగుందనిపించింది. ఎవరికీ తెలియకుండా బతకడం కూడా ఒక సుఖమే. ఇప్పుడు అది కూడా నాది కాదన్నమాట."

"ఇక చూడను."

"ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? మీ గీత నాకు కనబడదుగా."

ఆమె తడిగుడ్డ తీసి పిండిని వేలితో నొక్కి చూసి, మళ్ళీ కప్పింది. పై నుంచి బావమరిది కేకేశాడు: "అక్కా, ఆపేశాను! ఇక్కడ గడ్డ కట్టుకుపోతున్నాను, దుప్పటి ఎక్కడుంది?" ఆమె చెప్పడానికి మెట్ల దాకా వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోగా అతను వెళ్ళిపోయాడు.

మర్నాడు బావమరిది ఆఫీసు కింది అంతస్తులో వరసలో నిలబడి కనబడ్డాడు. పని అయ్యాక వెతుక్కుంటూ పైకి వచ్చాడు.

"అయిపోయింది బావా. మధ్యాహ్నం బండి వచ్చి వాటిని షెడ్డుకు తీసుకుపోతుందట. అత్తారింటికి పంపిస్తున్నట్టుంది నాకు."

"అక్క ఏమంది?"

"ఏమంటుంది? పిండి పొంగలేదని పొద్దుట్నుంచీ నన్ను తిడుతోంది." గొంతు తగ్గించాడు. "నీ గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. మీ ఇద్దరి మధ్య దూరితే నాకు రెండు వైపులా తన్నులే."

బావమరిదిని లిఫ్టు దాకా సాగనంపి, అతను తిన్నగా పై అధికారి గదికి వెళ్ళాడు. ఆమెను అందరూ మేడం అంటారు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని, దాని కోసమే సొరుగులన్నీ వెతుకుతోంది.

"మేడం, ఒక ఇల్లు నాకు కనబడకుండా మూయించాలి. బంధువుల ఇల్లు."

"బంధువులుంటే ఉద్యోగంలో చేరినప్పుడే చెప్పాలి కదండీ, గీతల సార్."

"చెప్పలేదు. చెప్పకుండా చూస్తున్నాను. రోజూ."

ఆమె చెయ్యి నెత్తి మీదికి వెళ్ళి కళ్ళజోడును పట్టుకుంది. పెట్టుకుని అతని మొహం చూసింది. "ఇది నేను రాయకుండా ఉండలేను, తెలుసుగా. మీకీ సీటు ఉంటుందో ఉండదో చెప్పలేను."

"తెలుసు మేడం."

"ఏమవుతారు?"

"విడిపోయాం."

"అది చుట్టరికం కాదండీ. ఏదో ఒకటి ఎంచుకోవాలి ఇక్కడ. ఆగండి, మాజీ భార్య అని ఉంది."

"ఉందా?"

"అన్నీ ఉంటాయి." మీట నొక్కింది. "అయిపోయింది. ఇప్పుడే ఆమె ఫోనుకు కబురు వెళ్తుంది, ఫలానా ఉద్యోగికి మీ ఇంటి వివరాలు మూసేశామని. ఇకమీదట మీరు తెరవబోయినా వెళ్తుంది, ఫలానా ఆయన ఫలానా వేళకు ప్రయత్నించాడని. అందుకని చెయ్యి జారకుండా చూసుకోండి."

"సరే మేడం."

తన సీటుకు తిరిగి వచ్చాడు. ఆమె మీటరు నంబరు అతని వేళ్ళకు వచ్చు. కూర్చోగానే అవే కొట్టేశాయి, చివరి అంకె ఒక్కటి మిగిల్చి. అతను వేళ్ళ వంక చూశాడు. ఈ ఒక్క అంకె కొడితే నది అవతల, పిండి బల్ల మీద ఆమె ఫోను మోగుతుంది. అతను ఇక్కడ కూర్చుని ఈ వేళప్పుడు ఆమెను తలుచుకున్నాడని ఆమెకు తెలుస్తుంది. ఇన్నేళ్ళూ ఆమెకు తెలియకుండా చూశాక, ఈ సీటు నుంచి ఆమెకు అందగలిగిన మొదటి కబురు. ఒక్కసారికి ఏమవుతుంది? చెయ్యి జారిందనుకుంటుంది.

లేదు, ఆమె అలా అనుకోదు. మోగిన ప్రతిసారీ చేతులు తుడుచుకుని చూస్తుంది. మోగని రోజు కూడా, మోగుతుందేమోనని ఒక చెవి అటు పెట్టుకునే ఉంటుంది. అలా ఎన్నాళ్ళో మోగకపోతే, బహుశా, మర్చిపోతుంది. పిండి పొంగిందో లేదో చూసుకుంటూ, ఇంట్లో తానొక్కతే ఉన్నాననుకుంటుంది.

అంకెల్ని చివరినుంచి ఒక్కొక్కటే చెరిపేశాడు. ఖాళీ గడిలో సన్నటి నిలువు గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

"సార్," అంది పక్క సీటులోంచి ఇంజనీరమ్మాయి, "ఒకసారి ఇటొస్తారా? ఈ ఇల్లేమిటో అర్థం కావడం లేదు."

అతను లేచి వెళ్ళాడు.